పన్నెండు మెగాపిక్సెళ్ళ మన్మథరావు

మన్మథరావు చేతికి ఏ వస్తువిచ్చినా అది పనిచేస్తోందా లేదా అని చూడడు. ఎలా పనిచేస్తోందో చూస్తానంటాడు. ఆ చూడటంలో సగం వస్తువులు పనిచేయడం మానేస్తాయి. మా ఇంటి గోడ గడియారం అలాగే పోయింది. మా ఆయన టార్చిలైటూ అలాగే పోయింది.

గుణుపూర్ మెయిన్ రోడ్డులో మా స్టీలు సామాన్ల కొట్టూ, అతని ఫోటో స్టూడియో పక్కపక్కనే. మా ఆయన సరుకు కోసం విజయనగరం, రాయగడ తిరుగుతుంటే కొట్టు మీద కూర్చునేది నేనే. నా పేరు సూర్యావతి. మన్మథరావు నన్ను వదినా అంటాడు. చుట్టరికం వెతికితే ఎక్కడో బొబ్బిలి దగ్గర తగులుతుంది గానీ, అంతదూరం వెతికే ఓపిక మా ఇద్దరికీ లేదు.

వాళ్ళ నాన్నది చింతపండు, పసుపు హోల్‌సేలు. కాశీపూర్ కొండల మీంచి దిగిన చింతపండు వాళ్ళ గోడౌన్ మీదుగా పార్వతీపురం వెళ్ళేది. అన్నలిద్దరూ ఆ వ్యాపారంలోనే కుదురుకున్నారు. మావాణ్ణి మాత్రం కాటా దగ్గర కూర్చోబెడితే, ముల్లు ఎందుకు వణుకుతోందా అని దాన్నే చూస్తూ కూర్చునేవాడట. బేరానికొచ్చినవాళ్ళు చూసి చూసి పక్క కొట్టుకి వెళ్ళిపోయేవాళ్ళు. తండ్రి విసిగిపోయి, తొంభై మూడులో కాబోలు, నీకిష్టమైందేదో చేసుకో అని రోడ్డు వైపు గది ఇచ్చేశాడు. అందులో స్టూడియో వెలిసింది.

అప్పట్లో అంతా ఫిలిమే. చీకటి గదిలో ఎర్రబల్బు కింద ఫోటోలు కడిగేవాడు. ఒకసారి నా ఫోటో పెద్దది చేసి, భూతద్దం నా చేతికిచ్చి చూడమన్నాడు.

"సూడు వదినా, ఇదంతా రవ్వే. ఎక్కువ స్పీడు ఫిలిం ఏసేననుకో, తక్కువ ఎలుగులో కూడా బొమ్మ పడతాది. కానీ రవ్వ లావైపోతాది."

చూస్తే నిజమే. నా ముక్కూ నోరూ అన్నీ బొంబాయి రవ్వ పోసినట్టున్నాయి.

"ఉప్మా సేసుకో మరి," అన్నాను. "నా మొహం నాకు మొహంలాగ కావాలి. మళ్ళీ తియ్యి."

అతనికి అలాంటి మాటలు తగలవు. రవ్వ ఎందుకు లావవుతుందో మరో అరగంట చెప్పాడు. నేను సగం విన్నాను. మిగతా సగం టైములో ఇంట్లో పాలు పొంగిపోయాయి.

డిజిటల్ రోజులొచ్చాక విశాఖపట్నంలో ఎవరో స్టూడియోవాళ్ళు వదిలించుకుంటున్న కెమెరా ఒకటి కొనుక్కొచ్చాడు. ఆరు మెగాపిక్సెళ్ళది. నల్లగా, బరువుగా, మెడలో వేసుకుంటే మనిషి ముందుకి వంగిపోయేటట్టు ఉండేది. మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలట. బొమ్మంతా అలాంటి చుక్కలతో కట్టినదేనట. ఇంక రవ్వ బెడద వదిలిందని నాకు స్వీటు పెట్టాడు.

రెండు మూడేళ్ళు బాగానే నడిచింది. ఈలోగా బస్టాండు దగ్గర కొత్త స్టూడియో ఒకటి వెలిసి, ఎనిమిది మెగాపిక్సెల్ అని పెద్ద బోర్డు కట్టింది. అంతే, పద్మపూర్ నుంచి వచ్చినవాళ్ళూ, రామనగుడ నుంచి వచ్చినవాళ్ళూ మావాడి గుమ్మంలో నిలబడి "కేతే మెగాపిక్సెల్, బాబూ?" అని ఒడియాలో అడగడం మొదలుపెట్టారు. ఎన్ని అని అడిగేవాళ్ళకి ఆ ఎన్ని ఏమిటో తెలీదు. ఆరు అని చెప్పగానే మొహం అదోలా పెట్టి బస్టాండు వైపు నడిచేవాళ్ళు.

మాది వ్యాపారస్తుల బుర్ర. ఒకే ధరకి ఒక కొట్టువాడు ఆరు గ్లాసులూ, ఇంకో కొట్టువాడు పన్నెండు గ్లాసులూ ఇస్తే పన్నెండిచ్చేవాడి దగ్గరికే వెళ్తాం. గ్లాసు ఎంత పల్చగా ఉందో ఇంటికెళ్ళాక చూసుకుంటాం. కాటా ముల్లు గురించి అంత ఆలోచించిన మన్మథరావు కూడా ఇక్కడ అచ్చం వాళ్ళ నాన్న కొడుకయిపోయాడు. రెండువేల ఎనిమిది వేసవిలో పన్నెండు మెగాపిక్సెళ్ళ కెమెరా కొన్నాడు. సబ్బుపెట్టె అంత ఉంది. జేబులో పడుతుంది. స్టూడియో మీద ఒడియాలో, తెలుగులో, ఇంగ్లీషులో మూడుసార్లు పన్నెండు అని రాయించాడు. అప్పటినుంచి బజారంతా అతన్ని పన్నెండు మెగాపిక్సెళ్ళ మన్మథరావనే పిలుస్తోంది. ఆ పేరు పెట్టింది ఎవరని అడిగితే నేను చెప్పను.

ఆ శ్రావణమాసంలోనే గౌరీశ్వరి మా కొట్టుకి వచ్చింది.

గౌరీశ్వరి రాయగడ పట్నం పిల్ల. రామనగుడ పక్క పల్లెలో ఈశ్వరప్రసాద్ అనే రైతుకిచ్చి చేశారు. వాళ్ళ ముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ వరి పండించుకుంటున్నారు. గిన్నెల మీద పేర్లు కొట్టించుకోవడానికి ఆమె నా దగ్గరికే వస్తుంది. ఆ రోజు వెడల్పు పళ్ళెం ఒకటి ఏరుకుంది. నేను పేర్లు కొట్టే మిషను తీశాను.

"ఎవరి పేరు కొట్టమంటావమ్మి?"

"మా అత్త పేరక్కా. పాపాయమ్మ."

నా చేతిలో మిషను ఆగిపోయింది. ఆ అత్తాకోడళ్ళకి మాటల్లేవని గుణుపూర్ సంతలో అందరికీ తెలుసు.

కథ ఇదీ. వాళ్ళింట్లో పేరంటాలమ్మ దీపం అని ఒకటుంది. ఏటా శ్రావణంలో ఆ ఇంటి పెద్ద ఆడమనిషి వెలిగిస్తుంది. ఆ దీపం వెలిగే గదిలో ఇంకో వెలుగు ఉండకూడదు. గౌరీశ్వరి కొత్తగా కాపురానికి వచ్చిన ఏడు, పాపం, గది చీకటిగా ఉందని, ఎవరో మర్చిపోయి ఉంటారని, మంచి చేద్దామని వెళ్ళి బల్బు వేసింది. పాపాయమ్మ ఏమీ అనలేదు. పూజ ముగించి లేచి వెళ్ళిపోయింది. మళ్ళీ కోడలితో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. పదకొండేళ్ళు! ఏదైనా చెప్పాలంటే పెరట్లోకి వెళ్ళి ఆవుతో చెప్పేది. "సింతపండయిపోనాది, ఎవులైనా సూసేరో నేదో" అని ఆవుని అడిగేది. ఆవు ఏం చేస్తుంది, నెమరు వేస్తుంది. కోడలు విని చింతపండు తెప్పించేది.

ఇప్పుడు పాపాయమ్మ కళ్ళలో పొరలు కమ్మేశాయి. ఒత్తి ఎక్కడుందో కనబడటం లేదు. అందుకని ఆ ఏడు దీపం కోడలికి అప్పగించాలి. వాళ్ళింట్లో అది మనిషి జన్మలో ఒక్కసారే జరిగే పని. పెద్దామె వెలిగించిన దీపాన్ని పళ్ళెంలో పెట్టి ఇస్తుంది, చిన్నామె అందుకుంటుంది. అందుకునేటప్పుడు మాటాడకూడదు. ఒత్తి మీంచి చూపు తీయకూడదు. తలెత్తి ఎదుటి మనిషి మొహం చూడకూడదు.

"అదేనక్కా నా బాధ," అంది గౌరీశ్వరి. "నాకా దీపం మనసారా ఇత్తాదో, తప్పదని ఇత్తాదో తెలాల. నాను తల ఎత్తకూడదు. ఫోటో అయితే ఆవిడి మొహం సూత్తాది కదా."

"తెలిసి ఏటి సేస్తావు?"

"తప్పదని ఇచ్చిందనుకో, ఊడ్పులయిపోగానే గుణుపూర్ వచ్చి వేరే కుంపటి పెడతాం. ఆయనకి సెప్పేసేను. ఇంక ఆవు నోట మాటలు వినలేనక్కా."

చెబుతూనే కళ్ళు తుడుచుకుంది. నాకు ఒళ్ళు మండింది. అత్త మీదో, కోడలి మీదో, ఆవు మీదో తెలీదు. నేనే లేచి ఆమెను పక్కనే ఉన్న స్టూడియోలోకి తీసుకెళ్ళాను. గదిలో ఫ్లాష్ మెరవకూడదని, ఇంకో దీపం పెట్టకూడదని చెప్పాను. పాపాయమ్మ ముందే ఆవుతో చెప్పిందట, "మెరుపు మెరిపించకపోతే ఎవులొత్తే నాకేటి" అని.

మన్మథరావు మొహం వెలిగిపోయింది. "ఒక్క దీపం ఎలుగులోనా? పన్నెండుంది కదా, భయమేటి సెల్లీ!" అన్నాడు.

అక్కడే పప్పులో కాలేశాడు. బీరువాలో ఆ పెద్ద నల్ల కెమెరా ఉంది. దాన్ని తీయలేదు. ఆరుకి పన్నెండు రెట్టింపు గదా అని, చీకటికి రెట్టింపు పట్టుకెళ్ళాడు.

దీపం చేతులు మారిన మర్నాడు పొద్దున్నే గోడ మీద తట్టి పిలిచాడు. కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. కెమెరాని స్టాండుకి బిగించి, వెలుగుని పట్టుకునే శక్తిని చివరిదాకా పెంచి తీశాడట. అన్నీ కదిలిపోగా ఒక్కటి మిగిలింది. అందులో పళ్ళెం కోడలి చేతుల్లోకి వచ్చేసింది. అత్త కుడిచెయ్యి ఇంకా అంచు మీదే ఉంది. అంత చీకట్లో ఇద్దరు మనుషులూ ఒక చిన్న మంటా, చూడటానికి బాగానే ఉంది.

"బాగుందయ్యా," అన్నాను.

"దగ్గిరకి తెస్తాను, ఉండు."

పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. పాపాయమ్మ మొహం స్క్రీనంతా వచ్చేసరికి అది మొహం కాదు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ చుక్కలు. రంగులు కలిపిన ఇసకని ఎవరో మొహం మీద కొట్టినట్టుంది. పళ్ళెం కింద చీకట్లో అయితే చుక్కలు చీమల్లా ముసురుకున్నాయి.

"డిజిటల్లో రవ్వ ఉండదన్నావు కదా?" అన్నాను. అనకుండా ఉండాల్సింది గానీ నా నోరు ఊరుకోదు.

ఆ మధ్యాహ్నమంతా తలుపు వేసుకుని, చుక్కల్ని నునుపు చేసే సాఫ్ట్‌వేర్ ఒకటుందట, దాంతో తోమాడు. నేను గంగాళం తోమినా అంత నునుపు రాదు. సీడీ బస్సు కండక్టరు చేతికిచ్చి రాయగడ ల్యాబుకి పంపించి, పెద్ద సైజులో వేయించి, ఫ్రేము కట్టించాడు. చుక్క అన్నది లేదు. నాకూ బాగానే కనిపించింది.

గౌరీశ్వరి వచ్చి ఫ్రేము చేతిలోకి తీసుకుంది. చాలాసేపు చూసింది. మా ఇద్దరి వైపూ చూడకుండా బల్ల మీద పెట్టేసింది.

"బాగులేదా సెల్లీ?" అన్నాడు మన్మథరావు.

"బాగుందన్నా. బాగానే ఉంది. ఆవిడి మొహంలో ఏటీ నేదు. గోడలాగుంది." ఫ్రేముని బోర్లా తిప్పేసింది. "తెలిసిపోనాది. సాలు."

ఫ్రేము అక్కడే వదిలేసి బస్సెక్కేసింది. వెనకాలే పరుగెత్తాను గానీ అందలేదు. తిరిగొచ్చి నా కోపమంతా మన్మథరావు మీద తీర్చుకున్నాను. ఆ ఫోటో ఎందుకు తీయించుకుందో, ఏం నిర్ణయం చేసుకుందో అంతా చెప్పేశాను. అతనికి అప్పటిదాకా తెలీదు. పెళ్ళి ఫోటోలాంటిదే ఇంకొకటి అనుకున్నాడు.

"మొహం గోడలాగుండడమేటి?" అన్నాను ఫ్రేము ఎత్తి చూపించి. "ఆ ముసలమ్మని నాను సంతలో సూసేను. మొహమంతా ముడతలు. నుదుట ఇంత పచ్చబొట్టు. ఏదీ పచ్చబొట్టు?"

మన్మథరావు ఫ్రేము లాక్కుని చూశాడు. నుదురు నున్నగా, తోలు తీసిన బంగాళాదుంపలాగ ఉంది. అతను కుర్చీలో కూలబడ్డాడు.

"రవ్వతో పాటు పచ్చబొట్టు కూడా తోమేసేను వదినా," అన్నాడు. "ఇంకేటేటి తోమేసేనో!"

ఆ మాట తర్వాత అతనికి తిండి ఎక్కలేదు. దిగులు కొంత, కుతూహలం అంతకంటే ఎక్కువ. పన్నెండు ఎందుకు ఓడిపోయిందో తెలియకుండా ఆ ఫోటోని ముట్టుకోనన్నాడు. రెండు కెమెరాలూ పట్టుకుని మా కొట్టులోకి వచ్చి కూర్చున్నాడు.

పేర్లు కొట్టిన గిన్నెలు మా దగ్గర ఎప్పుడూ ఉంటాయి. మిషనుతో కొట్టిన అక్షరం చిన్న చిన్న గుంటల వరస. ఒక బిందె తీసి గుమ్మంలో ఎండ వెలుగులో పెట్టి, రెండు కెమెరాలతోనూ తీశాడు. కంప్యూటర్లో చూస్తే పన్నెండు గెలిచింది. దాని బొమ్మలో ఒక్కో గుంటా విడివిడిగా లెక్కపెట్టుకోవచ్చు. ఆరులో గుంటలు కలిసిపోయి గీతలాగ అయ్యాయి.

"మరింకేటి, మంచిదే కదా," అన్నాను.

"ఎండలో మంచిదే."

అదే బిందెని వెనక సామాన్ల గదిలో పెట్టి, కిటికీలు మూయించి, నా చేత నూనె దీపం వెలిగించి మళ్ళీ తీశాడు. ఈసారి ఆరులో పేరు చదవగలిగాం. పన్నెండులో పేరు లేదు, రంగు చుక్కలే. గుంటల్ని విడదీసి చూపించిన కెమెరాయే చీకట్లో అక్షరాన్నే మింగేసింది. ఇద్దరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. నాకు కూడా పిచ్చి పట్టుకుంది, దాచడమెందుకు. ఆ పూట కొట్టుకి వచ్చినవాళ్ళని తర్వాత రమ్మని పంపేశాను.

విప్పి చూస్తానని స్క్రూడ్రైవరు తీశాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. రెండు కెమెరాలతో వచ్చిన పుస్తకాలూ తిరగేస్తే లోపల వెలుగు పడే బిళ్ళ కొలత దొరికింది. పెద్ద కెమెరాలో అది పోస్టు బిళ్ళ అంత ఉందట. సబ్బుపెట్టె కెమెరాలో చిటికెనవేలి గోరంత. ఆ గోరంత చోటులో పన్నెండు మెగాపిక్సెళ్ళు కుక్కారు.

"సిన్న చోటులో ఎక్కువమందిని కూసోబెట్టేరు," అన్నాడు. "అయితే ఏటి? ఎలుగు అందరికీ సమానంగానే పడాల కదా. పక్కపక్క సుక్కలు ఒకటి ఎరుపు, ఒకటి నీలం ఎందుకవుతన్నాయి?"

నాకెలా తెలుస్తుంది! లేచి దీపం ఆర్పేశాను.

మర్నాడు మధ్యాహ్నం మబ్బు పట్టింది. నేను భోజనానికి లోపలికి వెళ్ళి వచ్చేసరికి కొత్త గ్లాసుల అల్మారా ఖాళీ. పెరట్లోకి వెళ్ళి చూద్దును గదా, అమ్మకానికి పెట్టిన గ్లాసులన్నీ నేల మీద ఒకదాన్నొకటి ఆనించి పరిచేశాడు. పక్కనే ఒక పెద్ద బేసిను. సన్నగా తుంపర పడుతోంది. ఈయన మోకాళ్ళ మీద కూర్చుని గ్లాసుల్లోకి తొంగి చూస్తున్నాడు.

"నీకేటి మతి పోనాదేటయ్యా! అమ్మకం గ్లాసులవి!"

"అరవకు వదినా. ఇలా రా. ఇది సూడు."

వెళ్ళి చూశాను. తుంపర అప్పుడే మొదలైంది. పక్కపక్క గ్లాసులే. ఒకదాంట్లో నాలుగు చినుకులు పడ్డాయి, దాని పక్కదాంట్లో ఒక్కటే. ఆ పక్కది పొడిగా ఉంది. బేసిన్లో మాత్రం అడుగంతా ఒకేలా తడిసింది.

"వాన తేడా సెయ్యనేదు," అన్నాడు. "తుంపరంతే. సినుకులు తక్కువ, గ్లాసు మూతి సిన్నది. ఎవుడికెన్ని పడతాయో ఆ మాయ వానకే తెల్దు. జోరు వానలో అన్నీ నిండుతాయి, తేడా కనపడదు. అది ఎండ. దీపం తుంపర. నాను తుంపరలో గ్లాసులు పట్టుకెళ్ళేను వదినా!"

అర్థమైంది. నాకే ఆశ్చర్యం వేసింది. కానీ గ్లాసులు నావి. తుంపర ఆగగానే విసవిసా సర్దడం మొదలుపెట్టాను. ఒక్కో గ్లాసూ ఒలకబోసే ఓపిక లేక, పక్కపక్కన ఉన్న నాలుగు గ్లాసుల నీళ్ళూ ఒక గ్లాసులోకి వంచాను. తర్వాతి నాలుగూ ఇంకో గ్లాసులోకి. అలా వరసగా వంచుకుంటూ పోతున్నాను.

"ఆగాగు!" అని కేక పెట్టాడు. నేను బెదిరిపోయి ఒక గ్లాసు జారవిడిచాను. అది సొట్టపోయింది.

నేను వంచిన గ్లాసులన్నిటినీ వరసగా పెట్టాడు. వంగి చూశాడు. అన్నిట్లోనూ నీళ్ళు ఇంచుమించు ఒకే మట్టంలో ఉన్నాయి. ఇందాక ఒకటి పొడి, ఒకటి తడి అన్న తేడా నాలుగు కలిసేసరికి చాలావరకు సద్దుమణిగింది.

"నాలుగు సుక్కలు కలిపి ఒక్క సుక్క సేసేయాల," అన్నాడు నెమ్మదిగా. "తోమకూడదు. కలపాల. తోమితే ఉన్నది పోతాది. కలిపితే ఉన్నది ఒకచోటికొస్తాది."

"కలిపితే పన్నెండు మూడైపోద్ది కదా. మరి బోర్డు?"

"బోర్డు ఏట్లో పడనీ."

అలాగని సబ్బుపెట్టె కెమెరా పెద్ద కెమెరాతో సమానమైపోదని కూడా అతనే చెప్పాడు. దాని వాకిలి చిన్నది, ఎన్ని గ్లాసులు పరిచినా ఆ వాకిట్లో పడిన వానే కదా పట్టుకునేది. గ్లాసుకో చుక్క గోడకంటుకుని అది కూడా నష్టమే. పెద్దది పట్టుకెళ్ళి ఉంటే ఇంకా బాగుండేదని తన చెంప తనే వేసుకున్నాడు. కానీ ఆ క్షణం మళ్ళీ రాదు. ఉన్నది ఈ ఒక్క బొమ్మే.

తోమిన బొమ్మ తీసేసి, మొదటి బొమ్మ తెరిచాడు. నాలుగేసి చుక్కలు కలిపి చిన్నది చేశాడు. స్క్రీను మీద అది పోస్టుకార్డు కంటే కాస్త పెద్దగా ఉంది. ఇంక దగ్గరికి తేనని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కుర్చీ వెనక్కి జరుపుకుని కూర్చున్నాడు. రవ్వ ఉంది, పూర్తిగా పోలేదు. కానీ దాని వెనక మనిషి ఉంది. నుదుట పచ్చబొట్టు వచ్చింది. కళ్ళ కింద ముడతలొచ్చాయి. పాపాయమ్మ నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. ఏదో కంగారు పడుతున్నట్టుంది. దీపం వైపు చూడటం లేదు. మొహం కిందికి వంచి ఉంది.

"ఏటి సూస్తన్నాది?" అన్నాను.

మన్మథరావు నీడలున్న చోట కాస్త వెలుగు పెంచాడు. తోమిన బొమ్మలో పళ్ళెం కింద ఉత్త నలుపు. ఇక్కడ ఆ నలుపులో ఏదో ఆకారం ఉంది. ముందు నాకు అర్థం కాలేదు. తర్వాత వేళ్ళు కనబడ్డాయి. అది పాపాయమ్మ ఎడమ చెయ్యి. అంతవరకూ ఆ చెయ్యి ఎక్కడుందని మా ఇద్దరిలో ఎవరం అనుకోనే లేదు. గౌరీశ్వరి పళ్ళెం అందుకోవడానికి వంగినప్పుడు భుజం మీంచి కొంగు జారింది. దీపం అంచు మీదికి రాబోతోంది. ఆ కొంగుని ముసలామె ఎడమ చేత్తో పిడికిట్లో బిగించి, మంటకి తగలకుండా పక్కకి లాగి పట్టుకుంది.

నాకు ఏడుపొచ్చేసింది. మన్మథరావు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు.

రాయగడ నుంచి పోస్టుకార్డు సైజు ఫోటో వచ్చే వేళకి ఊడ్పులు అయిపోవస్తున్నాయి. గౌరీశ్వరి గుణుపూర్‌లో అద్దె ఇల్లు చూసుకుంటోందని కూడా చెవిన పడింది. నా కాలు కొట్టులో నిలవలేదు. మనమే పల్లెకి వెళ్దామని మన్మథరావుతో అంటుండగానే సంతరోజు వచ్చింది. ఈశ్వరప్రసాద్ తల్లిని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకొచ్చాడు. గౌరీశ్వరి కూడా వచ్చింది. డాక్టరు మధ్యాహ్నం రమ్మన్నాడట, అందాకా మా కొట్టు అరుగు మీద కూర్చున్నారు. తల్లి ఈ చివర, కోడలు ఆ చివర. మధ్యలో ఈశ్వరప్రసాద్, ఎటూ చూడకుండా.

మన్మథరావు ఫోటో తెచ్చి గౌరీశ్వరి చేతిలో పెట్టాడు. "ముందిచ్చింది తప్పు సెల్లీ. నాను సెడగొట్టేను. ఇది సూడు. పళ్ళెం కింద సూడు."

ఆమె అయిష్టంగానే తీసుకుంది. వెలుగు కోసం రోడ్డు వైపు తిప్పింది. పళ్ళెం కింద చూసింది. ఫోటో పట్టుకున్న చేత్తోనే తన కొంగు తడుముకుంది.

లేచి వెళ్ళి అత్త ముందు చతికిలబడి కూర్చుంది. ఈశ్వరప్రసాద్ భయంగా నా వైపు చూశాడు.

"అత్తా," అంది. "నా కొంగు అట్టుకున్నావు."

పాపాయమ్మ పొరలు కమ్మిన కళ్ళతో రోడ్డు వైపే చూస్తోంది. అక్కడ ఆవు లేదు.

"నీకు ఒత్తే కనపడదు కదత్తా. కొంగు జారినట్టు నీకెలాగ తెలిసినాది?"

ముసలామె తల తిప్పింది. చెయ్యి చాపి, తడుముకుని, కోడలి భుజం పట్టుకుంది.

"కనపడాలేటే?" అంది. "పదకొండేళ్ళ నుంచి సూత్తన్నాను. ఒంగినావంటే నీ కొంగు బుజం మీద నిలవదు."